రెండు గ్లాసుల వెనిగరు

తమ్ముడు పదకొండున్నరకి వస్తానని కబురు పంపాడు. కబురు అందేసరికి తొమ్మిదింబావు. అన్న చెవి మిషన్‌లో సెల్లు అయిపోయి అప్పటికి రెండు రోజులు.

అన్నదమ్ములిద్దరూ రాగికీ ఇత్తడికీ మెరుగు పెట్టే పనివాళ్లు. ఒకే షెడ్డులో పక్కపక్క చక్రాల మీద ఇరవై ఆరేళ్లు పనిచేశారు. తొమ్మిదేళ్ల కిందట ఒకరోజు తమ్ముడు, "ఈ రొదకి నీ చెవులు పోతున్నాయి, ఇక మానెయ్యి" అన్నాడు. షెడ్డు చేజిక్కించుకోడానికే ఈ సలహా అని అన్న అనుకున్నాడు. వీధి అంతా వినేలా అరుచుకున్నారు. తమ్ముడు వేరే ఊళ్లో పనికి కుదిరాడు. అప్పట్నుంచీ మాటల్లేవు. చెవులు మాత్రం తమ్ముడు చెప్పినట్టే పోయాయి.

ఇప్పుడు తనే వస్తున్నాడు. ఒక మాట చెప్పాలట. మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోతాడట.

వరద నీళ్లు ముందురోజు తీశాయి. నాలుగు రోజులుగా కరెంటు లేదు. అన్న కొడుకు లైన్‌మన్, స్తంభాల మీదే ఉన్నాడు; ఇంట్లో ఉన్నది అన్న, ఆయన భార్య, కోడలు. దుకాణాల వాళ్లు ఇంకా బురద తోడుకుంటున్నారు. ఇంట్లో సెల్లులన్నీ టార్చిలకి పోయాయి, ఇరుగుపొరుగు ఇళ్లలోనూ అంతే. చెవి మిషన్‌కి వేసే బొత్తాం సెల్లులు ఆరు దాచిపెట్టుకున్నాడు అన్న. అయితే నెలల కిందటే వాటి మీద స్టిక్కర్లు చూడ్డానికి బాగాలేవని ఆరింటికీ పీకి, జిగురు తుడిచి, డబ్బాలో వరసగా పేర్చాడు. స్టిక్కరు తీస్తే లోపలికి గాలి వెళ్తుంది. వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో సెల్లు అయిపోతుంది. ఆ సంగతి అట్ట మీద రాసే ఉంది. ఆరూ అలాగే పోయాయి.

"చెవి దగ్గర అరిస్తే వినిపిస్తుందిగా అత్తయ్యా?" అంది కోడలు.

"వాళ్లిద్దరూ గొంతు పెంచితే ఏమవుతుందో చూశాం కదమ్మా."

"పోనీ కాగితం మీద రాస్తే?"

"తొమ్మిదేళ్లకి గడప తొక్కే మనిషి చేతిలో పలకా బలపం పెడతామా?"

కోడలు బడిలో సైన్సు ల్యాబు చూసుకుంటుంది. పన్నెండేళ్ల ఉద్యోగం. ఆమె వంటింట్లోంచి రెండు గాజు గ్లాసులు, వెనిగరు సీసా, ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. పెరట్లో చిల్లులు పడ్డ బకెట్టు ఒకటుంది, జింకు పూత వేసిన ఇనప రేకుది. మామూలు కత్తెరకి తెగకపోతే, రేకులు కోసే కత్తెరతో రెండు ముక్కలు కోసింది. పాడైన ఇయర్‌ఫోన్ తీగ చీల్చి వైర్లు తీసింది. ఉప్పు కలిపిన వెనిగరులో రాగీ జింకూ ముంచితే అదే ఒక సెల్లు; మిషన్‌కి కావలసింది ఒకటిన్నర వోల్టు లోపే, రెండు గ్లాసులు చాలు. గ్లాసుకి ఒక రాగి ముక్క, ఒక జింకు ముక్క, రెండూ తగలకుండా. మొదటి గ్లాసు రాగిని రెండో గ్లాసు జింకుకి కలిపితే మిగిలే రెండు కొసలూ మిషన్‌కి.

రాగి కోసం మామగారికి సైగ చేసింది: రెండు, అరచేతి వెడల్పు. ఆయన షెడ్డులోకి వెళ్లాడు. వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. కరెంటు లేకపోయినా చేత్తోనే మెరుగు పెట్టాడు; రేకుల్లో మొహం చూసుకోవచ్చు.

"రెండు ముక్కలు తెమ్మంటే పెళ్లిచూపులకి ముస్తాబు చేశాడు" అంది అత్తగారు.

కోడలు వెనిగరు పోసి, ఉప్పు వేసి, రేకులు దించి, ల్యాబు నుంచి తెచ్చుకున్న వోల్టుమీటరు పెట్టింది. సున్నా. ఇంకో చెంచా ఉప్పు వేసింది. సున్నా. వైర్లు మార్చింది, కొసలు తిప్పి పెట్టింది. సున్నా. గోడ గడియారంలో సెల్లు ఎప్పుడో టార్చిలోకి పోయింది. చేతి గడియారం పదీ నలభై చూపిస్తోంది.

అత్తగారు గ్లాసులోకి వంగి చూసింది. "నాకు మీ చదువు తెలీదు గానీ అమ్మాయ్, మీ మామయ్య చేతిలోంచి పూత లేకుండా ఏ రేకైనా బయటికొచ్చిందా ఎప్పుడైనా?"

మెరుగు పెట్టాక అది మాయకుండా పల్చగా వార్నిష్ పూస్తారు. కంటికి కనబడదు. కోడలు రేకు తీసి, తుడిచి, కిటికీ దగ్గర గోరుతో గీసింది. పొర లేచింది.

ఆమె గరుకు కాగితం తెచ్చి మామగారి చేతిలో పెట్టింది. ఆయన కాగితాన్ని చూశాడు, రేకుని చూశాడు.

"గీకమంటావా? మెరుగు పెట్టినదాన్నా?"

అత్తగారు ఆయన చెవి దగ్గరికి వెళ్లి అరిచింది: "నీ మెరుగు కరెంటుని కూడా లోపలికి రానివ్వట్లేదట."

"నలభై ఏళ్లలో ఈ పని చెయ్యలేదు" అన్నాడు. కింద కూర్చుని, రేకుని పీట మీద పెట్టి గీకడం మొదలుపెట్టాడు. ఒకే వైపు, అంచు నుంచి అంచుకి, గీత పక్కన గీత. ఎక్కడా రెండుసార్లు గీకలేదు, ఎక్కడా వదిలెయ్యలేదు. అంత సమంగా గీకిన రేకు కోడలు ఏ ల్యాబులోనూ చూడలేదు. మెరుగు పెట్టిన చెయ్యే మెరుగు తీసింది.

రేకులు దించగానే మీటరు ఒకటి పాయింట్ ఏడు చూపించింది. మిషన్ తగిలిస్తే ఒకటి పాయింట్ మూడుకి దిగి నిలబడింది.

"ముసలాయనకి వినబడుతోందో లేదో" అంది అత్తగారు గుమ్మంలోంచి, మామూలు గొంతుతో.

"ముసలాయనెవరు?" అన్నాడు ఆయన.

తమ్ముడు పదకొండూ నలభైకి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, బల్లకి అటువైపు కూర్చున్నాడు. అన్న చెవి నుంచి గ్లాసుల దాకా వేలాడుతున్న వైర్లు చూశాడు.

"అన్నయ్యా" అన్నాడు. వంటింట్లోకి వినబడనంత నెమ్మదిగా.

"చెప్పు."

"నాకు ఎడమ చెవి పోతోంది."

అన్న కదల్లేదు. కదిలితే వైరు ఊడుతుంది.

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్లు. ఇంట్లో ఎవరికీ తెలీదు. తెలిస్తే పని మాన్పిస్తారు."

"మానెయ్యి."

"నువ్వు మానేశావా?"

"మాన్లేదు" అన్నాడు అన్న, గ్లాసుల వైపు వేలు చూపించి. "మానకపోతే ఏమవుతుందో ఎదురుగా ఉందిగా."

తమ్ముడు ఇంకేదో అనబోతుంటే మీటరులో అంకె ఒకటికి పడింది. రాగి మీద బుడగలు పేరుకున్నాయి. వంటింట్లోంచి అంకె మీద కన్నేసి ఉన్న కోడలు వచ్చి, రేకు తీసి, బ్రష్‌తో రుద్ది మళ్లీ దించాలని, తీసినంతసేపూ మామయ్యకేమీ వినబడదని చెప్పింది. బ్రష్ అందుకోబోయింది.

"ఇటివ్వమ్మా, రాగి పని నాకొచ్చు" అని తమ్ముడే రేకు పైకి తీశాడు. రుద్దుతున్నంతసేపూ అన్న చూపు తమ్ముడి చేతుల మీదే ఉంది. రేకు గ్లాసులోకి దిగింది. అంకె పైకి లేచింది.

"వినబడుతోంది" అన్నాడు అన్న. "మొదట్నుంచి చెప్పు. ముందు ఏ శబ్దం పోయింది?"