పెట్టె మీద అచ్చేసిన ఫోర్జరీ

పొన్నుసామికి ఇంగ్లీషు రాదు. సేత్తూరు బడిలో చదివిన చదువు అక్షరాలు కూడబలుక్కోవడానికే సరిపోయింది. అయినా ఒక్క ఇంగ్లీషు మాటని మాత్రం ఎక్కడ కనబడినా గుర్తుపడతాడు. కాగితం తలకిందులుగా ఉన్నా గుర్తుపడతాడు. ఆ మాట ఫోర్జ్‌డ్. పెదనాన్న కొడుకు కరుప్పయ్య, పొన్నుసామి తండ్రి సంతకాన్ని తానే గీకి బావి పక్క చేను రాయించుకున్నాడు. అప్పటినుంచి కోర్టు కాగితాల్లో ఆ మాట అతనికి కనబడుతూనే ఉంది. కరుప్పయ్య చచ్చిపోయాడు. పొన్నుసామి చావుకి వెళ్ళలేదు. కేసు కూడా వాపసు తీసుకోలేదు.

అందుకే ఆ పొద్దున రాజపాళయంలో మహేశ్వరన్ టైర్ల కొట్లో, ఒకదాని మీద ఒకటి పేర్చిన నాలుగు అట్టపెట్టెల మీద అదే మాట లావుపాటి అక్షరాల్లో కనబడేసరికి అతని ఒళ్ళు మండింది. అవి తన కూతురు ఆనంది కారుకి బిగించబోయే చక్రాలు.

చక్రాల విషయంలో పొన్నుసామి ఎవరి మాటా నమ్మడు. అతని భార్య కృష్ణమ్మాళ్ చక్రం వల్లే పోయింది. ఆమె ఎక్కిన వ్యాను చక్రం అంతకుముందే పగిలింది. డ్రైవరు దానికి వెల్డింగుతో అతుకు వేయించి తిప్పాడు. తళవాయిపురం మలుపులో ఆ అతుకు విడిపోయింది. తర్వాత డ్రైవరు వచ్చి కాళ్ళ మీద పడబోతే పొన్నుసామి కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. ఆనాటినుంచి ఆ మలుపు మీదుగా పోయే బస్సు ఎక్కలేదు. చుట్టు తిరిగైనా వేరే దారిన పోతాడు.

ఆనందికి ఆసుపత్రి కట్టుగుడ్డ నేసే చిన్న మిల్లు ఉంది. పోయిన ఏడు ఎవరో వాడిన స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కుంది. ముదురు నీలం. రెండే సీట్లు. నేలని రాసుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. పొన్నుసామి దాన్ని బాగుందని ఒక్కనాడూ అనలేదు, ఎక్కనూ లేదు. కానీ ఆ బండి వాకిట్లో ఉన్నంతసేపూ అతనికి వాకిట్లోనే ఏదో ఒక పని దొరికేది. మొన్న అది తవ్వి వదిలేసిన రోడ్డు గుంతలో పడి ముందు చక్రం పగిలింది. వెల్డింగు పెడితే సరిపోతుందని నలుగురూ అన్నారు. అతుకు వేస్తే ఇంట్లో అడుగు పెట్టనని పొన్నుసామి అన్నాడు. నాలుగూ కొత్తవే తెప్పిస్తున్నానని ఆనంది చెప్పింది. అవి ఎలాంటివో చూద్దామని ఇవాళ అతను మొదటి బస్సెక్కి ఆమెకన్నా ముందే వచ్చాడు.

మహేశ్వరన్ ఫోన్లో మాట్లాడుతుండగా పొన్నుసామి పైపెట్టె విప్పాడు. సాక్ష్యం లేక ఓడిపోయిన వాళ్ళని కోర్టు వరండాలో చాలామందిని చూశాడు. చేతికందిన చిన్న వస్తువు, సన్నటి గాజులాంటి రింగు ఒకటి తీసి బొడ్లో దోపుకున్నాడు. తర్వాత పెట్టెల్ని నేల మీద పక్కపక్కన దించి వాటి మీద కూర్చున్నాడు.

ఫోను పెట్టేసి మహేశ్వరన్ వచ్చాడు. "అన్నాచ్చీ, ఏంది అక్కడ కూర్చున్నారు? అట్ట అణిగిపోతాది, లేవండి."

"అణగనీ. పోలీసు వచ్చినప్పుడు లేస్తా."

"పోలీసా? ఎందుకు?"

"నీకు ఇంగ్లీషు వస్తాది కదా. ఇక్కడ ఏంది రాసినారు, సదువు."

"ఫోర్జ్‌డ్."

"సూడు, నీ నోటితోనే సెప్పినావు. కరుప్పయ్య ఎంత దొంగైనా, ఇది దొంగ సంతకమని పత్రం మీద రాయలే. మీకు ఎంత ధైర్యం రా! పెట్టె మీద అచ్చే కొట్టించినారు."

మహేశ్వరన్ నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. పొన్నుసామి ఇంకా బరువుగా సర్దుకుని కూర్చున్నాడు.

"అది కాదన్నాచ్చీ. ఇది వేరే. ఎట్ల సెప్పేది... ఫోర్జ్‌డ్ అంటే ఫోర్జ్‌డే."

"నేనూ అదే అంటున్నా."

అప్పుడే ఆనంది షేర్ ఆటో దిగి వచ్చింది. ఆమె కారు నిన్నటినుంచి కొట్లోనే చక్రాలు లేకుండా జాకీల మీద నిలబడి ఉంది. తండ్రిని చూసింది, పెట్టెల్ని చూసింది. "ఏం నాయనా, వీటికి కావలి ఉన్నావా?"

"నీకే కావలి. నిన్ను మోసం చేసినారు. ఇవి దొంగ చక్రాలు."

ఎందుకలా అంటున్నాడో పెట్టె మీది మాట చూడగానే ఆమెకి అర్థమైంది. నవ్వలేదు. పగిలిన పాత చక్రాన్ని దొర్లించుకుని వచ్చి అతని ముందు పడేసింది.

"ఇది పోత పోసింది నాయనా. కరిగించి అచ్చులో పోసినారు. అమ్మ దోసెల పెనం, పోత ఇనుముది, గుర్తుందా? చేయి జారి పడితే ఏమైంది?"

"రెండు ముక్కలైంది."

"మన గడ్డపార బండ మీద పడితే?"

"గడ్డపారకేం. మహా అయితే వంగుతాది."

"దాన్ని కాల్చి, కొట్టి చేసినారు. ఇవీ అట్లే, పెద్ద మిషను కింద వేసి నొక్కి చేసినవి. ఇంగ్లీషోడు అట్ల చేసినదాన్ని కూడా ఫోర్జ్‌డ్ అనే అంటాడు."

"మరి దొంగ సంతకాన్ని?"

"దాన్నీ ఫోర్జ్‌డ్ అనే అంటాడు."

"రెంటికీ ఒకే మాటా? అంత కరువా వాళ్ళకు!"

ఆనంది ఇప్పుడు నవ్వింది. ఒక పెట్టె లోంచి చక్రం తీసి అతని చేతికిచ్చింది. పొన్నుసామి బరువుంటుందని నడుము బిగించి అందుకున్నాడు. అంత బలం అక్కర్లేకపోయింది. ఒక్క చేత్తో గాల్లోకి లేచింది. పాతదాన్ని లేపి చూశాడు. మళ్ళీ కొత్తదాన్ని లేపాడు. కంచు రంగు. వెన్నెముకలాగా నడుమ ఉబ్బి చివర సన్నబడిన ఆకులు. వెనక్కి తిప్పాడు. ఎవరూ చూడని ఆ వైపు కూడా అంతే నున్నగా చెక్కి ఉంది. అక్కర్లేని లోహం ఎక్కడా గోరంత మిగల్చలేదు. అతను బొటనవేలితో ఒక్కో ఆకునీ తడిమాడు. చేసినవాడెవడో తెలియదు. ఎవడైతేనేం, మొండివాడే, అనుకున్నాడు. మొండివాళ్ళంటే అతనికి గౌరవం.

అయినా పూర్తిగా లొంగలేదు. "సూడ్డానికి బాగుండాది. కరుప్పయ్య గీకిన సంతకమూ బాగుండింది," అన్నాడు. లేచి పక్కకి నిలబడ్డాడు గానీ బొడ్లో రింగు బొడ్లోనే ఉంది.

మహేశ్వరన్ మిషను మీద టైర్లెక్కించి, గాలి కొట్టి, తూకం సరిచేశాడు. పని చేస్తూనే తన బాధ చెప్పుకున్నాడు. "అక్కా, ఇంకొంచెం పెద్ద చక్రం తీసుకునుంటే ఊరంతా తిరిగి సూసుండును. నేను అప్పుడే సెప్పినా."

"మన రోడ్డు మీద పోయేది ఊరు కాదు, నేను. చక్రం పెద్దదైతే టైరు పలచనవుతాది. గుంతలో పడితే దెబ్బ ఎవరికి?"

"సరి, మీ ఇష్టం. ఇట్లాంటివే, అచ్చం ఇదే అచ్చు, పోతవి కూడా తక్కువ ధరకి ఉన్నాయి."

"నాకూ చూపించినారు. చూసినా, తిప్పినా, వద్దన్నా."

పొన్నుసామి గుమ్మం దగ్గర నిలబడి అన్నీ విన్నాడు. కూతురు ఇంత తరచి ఎంచుకుందని అతనికి ఇంతవరకు తెలియదు.

కారుకి బిగించే సమయానికి మహేశ్వరన్ పెట్టెలన్నీ దులిపి తల గోక్కున్నాడు. "హబ్ రింగులు మూడే ఉన్నాయక్కా. ఒకటి తక్కువ పంపినారు. పరవాలేదు. నట్లు పట్టుకుంటాయి."

"పట్టుకోవు," అంది ఆనంది.

"అందరూ అట్లే తిరుగుతున్నారు."

"తిరగనీ. బండి ఇరుసు కన్నా ఈ చక్రం చిల్లు పెద్దది. ఆ సందు నిండాలంటే రింగు ఉండాల. లేకుంటే చక్రం నడుమన కూర్చోదు, ఒణుకుతాది. బరువంతా నట్ల మీద పడుతాది."

"కోయంబత్తూరునుంచి మళ్ళీ రావాలంటే రోజులు పడుతాదక్కా."

"పడనీ."

"బండి ఇట్ల జాకీ మీదే ఉండాలా? కొట్లో చోటేదీ?"

"ఉండనీ."

ఆమె వెళ్ళి తండ్రి కూర్చున్న చోటే, పగిలిన పాత చక్రం మీద కూర్చుంది. అదే కూర్చోవడం. అదే మొహం. కదపలేరని చెప్పే ఆ భుజాలు కూడా అవే. పొన్నుసామి కూతుర్ని చూస్తూ నిలబడిపోయాడు. ఆ వ్యాను డ్రైవరుకి ఈ మొండితనంలో వీసమంత ఉన్నా కృష్ణమ్మాళ్ ఈపాటికి ఇంట్లో దోసెలు పోస్తుండేది. పెట్టె మీద ఏం అచ్చేశారన్నది ఇక అతనికి అక్కర్లేదు. ఒక్క రింగు లేదని బండినే కదలనివ్వని మనిషి కిందికి దొంగ చక్రం రాదు.

బొడ్లో చేయి పెట్టి రింగు తీశాడు. "ఇదేనా?"

ఆనంది దిగ్గున లేచింది. "నాయనా! నీ దగ్గరికి ఎట్ల వచ్చింది?"

"సాక్ష్యం."

మహేశ్వరన్ నేల మీద కూలబడి నవ్వాడు. "అన్నాచ్చి కేసు వాపసు తీసుకున్నారు! ఊరంతా సెప్పాల ఇది."

"ఈ ఒక్కటే రా. కరుప్పయ్యది నడుస్తాది."

రింగు చక్రంలో ఒదిగింది, చక్రం ఇరుసు మీద ఒదిగింది. మహేశ్వరన్ నట్లని వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించుకుంటూ పోయాడు. చాలినంత బిగియగానే రెంచి టక్కుమంది. ప్రతి టక్కుకీ పొన్నుసామి తల ఊపాడు. బండి జాకీలు దిగి నేల మీద నిలబడింది. ఇన్నాళ్ళూ చెప్పులు లేకుండా తిరిగి ఇప్పుడు తొడుక్కున్నట్టుంది. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూశారు. నలుగురూ చూస్తుండగా పొన్నుసామే వంగి నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టాడు. వెనక చక్రం దగ్గర అవసరమైన దానికన్నా ఎక్కువసేపు వంగి, దాని ఆకుల్ని మళ్ళీ తడిమాడు.

"బాగుందా నాయనా?" అంది ఆనంది.

"బాగుంది," అన్నాడు. ఆ బండి గురించి అతని నోట ఆ మాట రావడం అదే మొదలు.

"అయితే ఎక్కు."

తల వంచి, కాళ్ళు ముడుచుకుని, పంచె సర్దుకుని ఎక్కాడు. నిమ్మకాయలు చితికాయి. బస్టాండు దాటాక ఆనంది వేగం తగ్గించి, చుట్టుదారికి మళ్ళబోయింది.

"అటు ఎందుకు?" అన్నాడు పొన్నుసామి. "తళవాయిపురం మీద పో."

ఆమె అతని వైపు ఒకసారి చూసి బండిని అటే పోనిచ్చింది. మలుపు వచ్చింది. అతను సీటు పట్టుకోలేదు, కళ్ళు మూసుకోలేదు. బండి ఒరగలేదు, ఒణకలేదు, గీత గీసినట్టు తిరిగి అవతలికి వచ్చింది.

కొంత దూరం పోయాక పొన్నుసామి తల తిప్పి మలుపుని చూశాడు. "వెనక్కి తిప్పుకో. ఇంకోసారి పోదాం."