ఇన్నాళ్లు ఎందుకు ఆగారు

"నీ చేతిలో పడ్డదేదీ తిన్నగా నిలబడదు," అంది మా అత్తగారు. నేనప్పుడు వెనకగదిలో మోకాళ్ల మీద కూర్చుని కోడిపిల్లల రెట్టలు తుడుస్తున్నాను. ఎడమ అరచేతిలో ఓ పిల్ల ఉంది. కాళ్లు రెండూ చెరోపక్కకి పరుచుకుపోయి, పొట్ట మీద పడి, లేవడానికి రెక్కలతో నానా తంటాలు పడుతోంది. ఆవిడ ఆ మాట కోడిపిల్లను చూసి అనలేదు. గుమ్మం దగ్గర కూర్చుని బడికి బూట్లు వేసుకుంటున్న నా కూతుర్ని చూసి అంది. దాని కుడిపాదం కాస్త లోపలికి తిరిగి ఉంటుంది. ఆ బూటు ఎక్కించుకోవడానికి రెండోదాని కన్నా రెట్టింపు సేపు పడుతుంది. తొమ్మిదేళ్ల పిల్ల. తలెత్తి ఓసారి నన్ను చూసి, మళ్లీ వంగి లేసు ముడి వేసుకుంది. పిల్లలకి చెవులుండవనుకుంటారు కాబోలు ఈ ఇంట్లో.

నాకు ఒళ్లు మండిపోయింది. మండితే ఏం చేశాను? గుడ్డ పిండుకుని మళ్లీ తుడవడం మొదలుపెట్టాను. తొమ్మిదేళ్లుగా నేను చేస్తున్నది అదే. కడుపుతో ఉన్నప్పుడు ఎప్పుడూ ఒకపక్కకే తిరిగి పడుకున్నానట, అందుకే పిల్ల పాదం ఒంకరపోయిందట. ఈ సంగతి వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ మా అత్తగారు మంచినీళ్లతో పాటు అందిస్తుంది. మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత నాకూ అనుమానం పట్టుకుంది, నిజంగానే ఒకపక్కకే పడుకున్నానేమో అని. పదిమంది కలిసి మేకను కుక్క అంటే మేకకే అనుమానం వస్తుంది మరి.

ఈ కోడిపిల్లలు కూడా నేను కోరి తెచ్చుకున్నవి కావు. మా ఆయన ఆఫీసులో ఎవరో పెంచుతున్నారని విని, ఒక ఆదివారం మూడు అట్టపెట్టెల్లో నూటయాభై పిల్లల్ని దింపేశారు. "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, కాలక్షేపం," అన్నారు. నా ఖాళీ పొద్దున్న ఐదింటికి మొదలవుతుంది. కింద ఊక పరుద్దామండీ అన్నాను. ఊక దుమ్మట, అత్తగారికి ఆయాసమట. మా మరిది ఫోన్ల షాపు తెరిచినప్పుడు కట్టిన పెద్ద ఫ్లెక్సీ అటక మీద ఉంటే దాన్ని దింపి, నిగనిగలాడే వైపు పైకి వచ్చేలా గదంతా పరిచారు. "ఇదైతే రోజూ కడిగేసుకోవచ్చు," అన్నారు. కడిగేది ఎవరో ఆ మాటలో లేదు. అప్పట్నుంచీ నేను పొద్దునా సాయంత్రం మా మరిది చేతులు జోడించి నవ్వుతున్న ముఖం మీద నుంచి రెట్టలు తుడుస్తున్నాను. అందులో కొంత సంతోషం లేదని అబద్ధమెందుకు చెప్పాలి.

రెండో రోజే చూశాను. ఒక పిల్ల దాణా గిన్నె దగ్గరకి పరుగెత్తబోయి కాళ్లు రెండువైపులా చీలినట్టయి కూలబడింది. ఆయన టిఫిను తింటుంటే వెళ్లి చెప్పాను. "అదే సర్దుకుంటుంది," అన్నారు తలెత్తకుండా. నాలుగో రోజుకి మూడయ్యాయి. ఆరో రోజుకి ఎనిమిది. అప్పటికి అందరికీ ఎవరి కారణం వాళ్లకి దొరికింది. పిల్లలమ్మినవాడు రోగిష్టి గుడ్లు పొదిగించాడని మరిది ఫోన్లో తేల్చేశాడు. "బల్బు సరిగ్గా చూసుకుని ఉండవు, చలి కొట్టింది," అన్నారు మా ఆయన. అత్తగారి కారణం సరే సరి, నా చెయ్యి.

అత్తగారు ఆ మాటన్న ఉదయం, కూతురు కుంటుకుంటూ సందు మలుపు తిరిగేదాకా చూసి వచ్చి, వెనకగదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. అన్నం వార్చలేదు. బట్టలు నానబెట్టలేదు. ఈవేళ కారణమేదో తేలాలి అనుకున్నాను. రోగమైతే కళ్లు వాలాలి, ముక్కు కారాలి, తిండి మానాలి. ఇవి పడుకునే ఆబగా తింటున్నాయి. గుడ్డులోనే లోపమైతే మొదటి రోజే కనపడాలి. పెట్టెలోంచి తీసి దింపింది నేనే, ఒక్కోదాన్నీ లెక్కపెట్టి వదిలాను, అన్నీ నిటారుగా నిలబడ్డాయి. చలైతే అన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటి పడి గుంపు కట్టాలి, ఇవి గదంతా తిరుగుతున్నాయి. కాలి ఎముకలు నిమిరి చూశాను. విరగలేదు, వాయలేదు. దగ్గరికి తెచ్చి పట్టుకుంటే పక్కపక్కనే నిలుస్తున్నాయి, వదిలితే జారిపోతున్నాయి.

వంటింట్లోంచి కిచకిచలు వినపడ్డాయి. మొదటి రోజు నిలబడ్డా మరీ నీరసంగా ఉన్న పదిహేనింటిని విడిగా ఒక బుట్టలో వేసి, అడుగున పాత గోనెసంచి పరిచి పొయ్యి గట్టు పక్కన పెట్టుకున్నాను. బతకవనుకున్నవి. వెళ్లి చూద్దును కదా, పదిహేనూ మెడలు చాచి, గోళ్లు గోనెలో దిగేసి నిలబడి నన్నే చూస్తున్నాయి. ఒక్కదానికీ కాలు వంకర లేదు. అదే దాణా, అదే నీళ్లు, అలాంటి బల్బే. చెయ్యీ అదే, నా చెయ్యే. వేరేది నేల ఒక్కటే. వెనకగదిలోకి పరుగెత్తి ఫ్లెక్సీ మీద వేలు పెట్టి రాశాను. నూనె పూసినట్టు జారింది. పట్టు దొరక్క, ఎముక ఇంకా ముదరని కాళ్లు రోజుకింత ఎడమైపోయాయి. పుట్టుకలో లోపం లేదు, పెంచే చేతిలో లోపం లేదు. అంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే కత్తెర తెచ్చి మా మరిదిని అడ్డంగా నిలువుగా కోసి బయట పారేశాను.

గోనెలు పరిచాను, పక్కవీధి మిల్లుకి వెళ్లి ఊక మోసుకొచ్చాను. గాయాలకి అంటించే పట్టీని సన్నగా చీల్చి, ఒక్కో పిల్లకీ రెండు కాళ్లూ వేలెడంత ఎడంతో, సంకెళ్లలా కలిపి కట్టాను. పూటపూటకీ లేపి నిలబెట్టాను. మూడు రోజుల్లో ఐదు లేచి నడిచాయి. మొట్టమొదట పడ్డ మూడింటికి మాత్రం కాళ్లు బిగిసిపోయాయి. ఎన్నిసార్లు నిలబెట్టినా పక్కకి ఒరిగిపోతున్నాయి.

ఆ తర్వాతి ఆదివారం మా ఆయన పశువుల డాక్టర్ని పిలుచుకొచ్చారు. డాక్టరు ప్రతి ప్రశ్నా ఆయన్నే అడిగారు. దాణా ఏమిటండీ, ఎన్ని రోజుల పిల్లలండీ, ఈ పట్టీల ఆలోచన ఎవరిదండీ. "నేల జారుతోందని కనిపెట్టామండీ," అన్నారు మా ఆయన బహువచనంలో. "భలే పసిగట్టారు సార్. మావాళ్లే దీన్ని రోగం అనుకుని మందులు రాసేస్తుంటారు," అన్నారు డాక్టరు. అత్తగారు కొడుకును చూసి మురిసిపోయింది. నేను కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా కూతురు ఊకలో కూర్చుని ఆ మూడింట్లో ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుంది.

డాక్టరు దాన్ని తీసుకుని కాళ్లు కదిపి చూసి పెదవి విరిచారు. "మొదటి రెండు రోజుల్లో కట్టేసి ఉంటే ఇదీ నడిచేది. ముదిరిపోయింది," అన్నారు. అని, వచ్చినప్పట్నుంచీ మొదటిసారి నావైపు తిరిగారు. "ఇన్నాళ్లు ఎందుకు ఆగారమ్మా?"

ఈ ప్రశ్న నాకు తెలుసు. ఎముకల డాక్టరు రెండేళ్ల నా కూతురి పాదాన్ని చేతిలో పట్టుకుని, అచ్చం ఇలాగే, మా ఆయన్ని వదిలేసి నన్ను అడిగాడు. పుట్టగానే వారం వారం కట్లు మారుస్తూ వచ్చి ఉంటే కోత లేకుండానే చక్కబడేదమ్మా, ఇప్పుడు కోసినా కొంత మిగిలిపోతుంది అన్నాడు. నేనప్పుడు తల దించుకున్నాను. మా ఆయన నా పక్కనే కూర్చుని ఫ్యాను వైపు చూశారు.

"నేను ఆగలేదండీ," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది. "రెండో రోజే చెప్పాను. అదే సర్దుకుంటుందని ఆయన ఆపారు."

"ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నారు మా ఆయన.

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు?" కాఫీ గ్లాసులు కింద పెట్టేశాను. "దీని పాదం సంగతీ అంతే డాక్టరుగారూ. పుట్టిన నాలుగో రోజే ఆసుపత్రిలో చెప్పారు, కట్టు వేయిద్దామని. వేయిద్దామండీ అని ఈయన కాళ్లావేళ్లా పడ్డాను. పసిపిల్లకి కట్లేమిటి, నలుగురూ చూస్తే బాగుండదు, అదే సర్దుకుంటుంది అన్నారు. రెండేళ్లు అదే మాట అన్నారు. నేను ఒకపక్కకి పడుకున్నందుకు కాదు అది ఇలా ఉంది. ఈయన రెండేళ్లు ఆపినందుకు."

డాక్టరు కోడిపిల్లను ఎవరికివ్వాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డారు. అత్తగారు పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నా కూతురు ఊకలోంచి లేచింది. కుడిపాదం ఈడ్చుకుంటూ డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆయన చేతిలోంచి పిల్లను తీసుకుని, నేరుగా వెళ్లి మా అత్తగారి ఎదుట నిలబడింది.

"నానమ్మా, విన్నావా?" అంది.