అడిగి తీసిన ఫోటో

శనివారం చివరి రెండు పీరియడ్లు వచ్చాయంటే తొమ్మిదో తరగతి నవ్యకు ఇంకేదీ గుర్తుండేది కాదు. మిర్యాలగూడలో వాళ్ల హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే ఉమారాణి టీచర్ ఆ సంవత్సరమే ఫోటోగ్రఫీ క్లాసు మొదలుపెట్టింది. కాంతి పాఠం కోసమని ఒకరోజు ఇంటి నుంచి పాత కెమెరా తెచ్చింది. పిల్లలు దాన్ని వదల్లేదు. ఆ ఒక్క పాఠమే చివరికి క్లాసు అయి కూర్చుంది.

ఉన్నవి రెండే కెమెరాలు. ఒకటి బడిలో చదివి వెళ్లిన వాళ్లెవరో ఇచ్చిన డిజిటల్ కెమెరా. రెండోది టీచర్ వాళ్ల నాన్న వాడిన రీలు కెమెరా.

"డిజిటల్‌ల ఎన్నైనా తియ్యండి, నచ్చకపోతే తీసెయ్యండి. రీలుకు మాత్రం ముప్పై ఆరే. పన్నెండు మంది, తలా మూడు. నొక్కేముందు మంచిగ ఆలోచించాలె" అనేది టీచర్.

నవ్యకు రీలు కెమెరా అంటే బెరుకు. తన మూడింటిలో రెండు వాడేసింది. అవి ఎట్లా వచ్చాయో రీలు కడిగితే గాని తెలియదు. డిజిటల్ అయితే నొక్కిన వెంటనే బొమ్మ కనిపిస్తుంది. దాంతోనే ఆమెకు చెయ్యి అలవాటైంది, కన్ను కుదిరింది.

నవ్య తల్లి పెంటమ్మ రైస్ మిల్లులో కూలి. ఒక ఆదివారం నవ్య డిజిటల్ కెమెరా తీసుకుని తల్లితో పాటు మిల్లుకు వెళ్లింది. వడ్లు ఆరబోసిన కల్లం, ఊక కుప్పలు, వరసగా నిలబడ్డ లారీలు, అన్నీ తీసింది. మధ్యాహ్నం షెడ్డు నీడలో ఆడవాళ్లు సద్ది విప్పారు. బస్తాల మూతి కుట్టే మిషన్ దగ్గర పనిచేసే నాంచారమ్మ గోడకు ఆనుకుని, కొంగు తీసి మెడ మీది చెమట తుడుచుకుంటోంది. పైకప్పు రేకు సందులోంచి ఒక వెలుగు చార సరిగ్గా ఆమె చేతి మీద పడింది. ఆ కుడి చేతికి చివరి రెండు వేళ్లు లేవు. నవ్య ఊపిరి బిగబట్టి నొక్కింది. నాంచారమ్మ చూడలేదు.

శనివారం టీచర్ ఆ ఫోటోను కెమెరా తెర మీద పెద్దది చేసి చూసింది. తర్వాత క్లాసందరినీ పిలిచి చూపించింది. "సూడండి, వెలుగు ఎక్కడ పడ్డదో. మనిషి కష్టమంతా ఆ చేతిల ఉన్నది" అంది. పెద్దగా ప్రింటు తీయించి బడి వరండాలో పెట్టించింది. సూర్యాపేటలో వచ్చే నెల జరిగే బడిపిల్లల ఫోటో ప్రదర్శనకు కూడా దాన్నే పంపుదామంది. నవ్యకు ఆ వారమంతా కాళ్లు నేల మీద ఆనలేదు.

తర్వాతి బుధవారం పెంటమ్మ మిల్లు నుంచి వచ్చి, బిడ్డను పలకరించకుండానే కాళ్లు కడుక్కుని పొయ్యి ముందు కూర్చుంది.

"ఏమైందే అమ్మా?"

"నాంచారమ్మక్క ఫోటో బడిల పెట్టినవా?"

"పెట్టిన. మంచిగ వచ్చిందని టీచరే పెట్టించింది."

"తీసేముందు అక్కను అడిగినవా?"

నవ్య తల అడ్డంగా ఊపింది. పెంటమ్మ జరిగింది చెప్పింది. నాంచారమ్మ పెళ్లయిన కొత్తలో అనంతగిరిలో గడ్డి కోసే మిషన్‌లో వేళ్లు పోగొట్టుకుంది. అప్పటి నుంచీ ఆ చేతిని కొంగు చాటునే దాచుకుంటుంది, మిషన్ దగ్గర గుడ్డ చుట్టుకుంటుంది. పక్కన కూర్చుని తినే నలుగురికి తప్ప మిల్లులో ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చిన మేస్త్రి నాగేందర్‌కు అసలే తెలియదు. అతని కూతురు ఎనిమిదో తరగతి. వరండాలో ఫోటో చూసి, మిల్లులో బస్తాలు కుట్టే ఆమెకు వేళ్లు లేవని ఇంట్లో చెప్పింది. మర్నాడే మేస్త్రి నాంచారమ్మను పిలిచి, వేళ్లు లేని చేత్తో మిషన్ దగ్గర వద్దని, ఊక ఊడ్చే పనికి పంపాడు.

"ఒక్క మాట అనలే అక్క. చీపురు తీసుకొని పోయింది. నాకు తలెత్తబుద్ధి కాలే" అంది పెంటమ్మ.

నవ్య ఆ పూట అన్నం తినలేదు. పొద్దున్నే బడికి వెళ్లి, గంట కొట్టకముందే టీచర్ దగ్గర నిలబడి అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఉమారాణి ముఖం వాడిపోయింది.

"నువ్వు చిన్నపిల్లవు. ఆమె ఎవరు, అడిగే తీసినవా అని నేనన్నా అడగాలె గదా. ఫోటో మీదనే పడ్డది నా ధ్యాస" అంది. ఆమే వెళ్లి ఫోటోను గోడ మీది నుంచి దించింది.

ఆ సాయంత్రం ఇద్దరూ నాంచారమ్మ ఇంటికి వెళ్లారు. నాంచారమ్మ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. టీచర్‌ను చూడగానే చెయ్యి కొంగులోకి వెళ్లింది. నవ్య ఆమె ముందు నేల మీద కూర్చుంది.

"తప్పయింది పెద్దమ్మా" అంది.

"నా ముఖం తీస్తే నవ్వుకుంటూ ఊకుందును బిడ్డా. ఇరవై రెండేండ్లు దాసుకున్న. నా మనవరాలికి అన్నం తినిపించేటప్పుడు గూడ ఎడమ చేత్తోనే తినిపిస్త. అసొంటి చేతిని తీసుకపోయి గోడకు పెడ్తివి." గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే బాగుండేదనిపించింది నవ్యకు.

"నేనొచ్చి మేస్త్రితోని మాట్లాడుత" అంది టీచర్.

"వద్దు టీచరమ్మా. మీరొచ్చి మాట్లాడితే నాకు శాతగాదని ఒప్పుకున్నట్టే అయితది. నా పని నేనే అడుగుత."

అడిగింది కూడా. ఆ సంగతి రెండు రోజుల తర్వాత పెంటమ్మ ఇంటికి వచ్చి చెప్పింది. పొద్దున పని మొదలు కాకముందే నాంచారమ్మ మిషన్ దగ్గరికి వెళ్లిందట. కొంగు నడుముకు చెక్కి, చెయ్యి అందరి ముందే బయటపెట్టిందట. "ఆరేండ్ల సంది కుడుతున్న. ఒక్క బస్తా మూతి ఊడిందని ఎవరన్న చెప్పిన్రా? సూడు, నీ ముంగటనే కుడుత" అని మేస్త్రిని నిలబెట్టిందట. హమాలీలు బస్తాలు మోయడం ఆపి చూశారు. మేస్త్రి కొంచెంసేపు నసిగాడు. చివరికి, "సరే, వారం సూస్త" అన్నాడట. వారం గడిచింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అయినా నవ్యతో నాంచారమ్మ మాట్లాడలేదు. మిల్లు గేటు దగ్గర ఎదురైనా ముఖం తిప్పుకుని వెళ్లేది. సూర్యాపేట ప్రదర్శనకు నవ్య పేరుతో ఏమీ పంపలేదు. వేరేది పంపుదామని టీచర్ అడిగితే, "ఇప్పుడు వద్దు టీచర్" అంది. శనివారాలు క్లాసుకు వచ్చి కూర్చునేది గాని కెమెరా ముట్టుకునేది కాదు.

మూడు వారాలయ్యాక ఒక ఆదివారం నాంచారమ్మే వాళ్ల ఇంటికి వచ్చింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది.

"ఏమే, ఫోటోలు తీసుడు బందు పెట్టినవంట. మీ అమ్మ ఒకటే పరేషాన్ అయితుంది" అంది.

నవ్య తల వంచుకుంది.

"రీలుది ఇంకొకటి మిగిలిందంట గదా. నాది తియ్యి. నేను చెప్పినట్టు తియ్యాలె."

నవ్య టీచర్ ఇంటికి పరుగెత్తి కెమెరా తెచ్చింది. వాకిట్లో వేపచెట్టు కింద వెలుగు మెత్తగా ఉంది. అక్కడ నిలబడితే బాగుంటుందని నవ్య అంది. నాంచారమ్మ ఒప్పుకోలేదు. నీలం తలుపు ముందు నిలబడతానంది. కుడి చేతిని కొంగు కింద దాచుకుని, ఎడమ చెయ్యి నడుముకు పెట్టి, నిటారుగా నిలబడింది.

"చెయ్యి కనపడొద్దు. మిల్లుల సూసినోళ్లు సూసిన్రు, ఇది నా ఇంట్ల పెట్టుకునేది."

"కనపడది పెద్దమ్మా." నవ్య కెమెరా అద్దంలోంచి అంచుల వరకూ చూసుకుంది. "నొక్కాల్నా?"

"ఆగు." నాంచారమ్మ పెదవులు తడుపుకుంది. మెడలో పూసలు సర్దుకుంది. "ఇగ నొక్కు."

రీలు కడగడానికి హైదరాబాద్ పంపారు. పదిహేను రోజులకు వచ్చింది. నవ్య మొదటి రెండూ మసకబారిపోయాయి. మూడోది కాస్త పక్కకు ఒరిగింది గాని ముఖం స్పష్టంగా ఉంది. నాంచారమ్మ ఆ ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసింది. "అచ్చం మా అమ్మ లెక్క ఉన్ననే!" అని ఆశ్చర్యపోయింది.

"సూర్యాపేటకు పంపుతరా దీన్ని?" అని అడిగింది.

"నువ్వంటేనే."

"వద్దు. నాకే కావాలె."

నవ్య ఆమెకే ఇచ్చేసింది.

ప్రదర్శన రోజు టీచర్ పిల్లలందరినీ బస్సులో సూర్యాపేట తీసుకెళ్లింది. తనది ఒక్కటీ లేకపోయినా నవ్యకు వెలితి అనిపించలేదు. హాలంతా తిరిగింది. ముందైతే వెలుగు ఎటు నుంచి పడిందో చూసేది. ఇప్పుడు మనుషుల కళ్లు చూస్తోంది, ఫోటో తీస్తున్నట్టు వాళ్లకు తెలుసా లేదా అని. ఒక చోట ఒక ముసలాయన ఫోటో ముందు ఆగిపోయింది. సైకిల్ పట్టుకుని, గడ్డం పైకెత్తి, నేరుగా చూస్తున్నాడాయన. పక్కనే కోదాడ బడి బ్యాడ్జీ పెట్టుకున్న అమ్మాయి నిలబడి ఉంది.

"నువ్వే తీసినవా?" అడిగింది నవ్య.

"అవును. మా వీధిలో పాలు పోస్తారు. బీరన్న తాత."

"అడిగే తీసినవా?"

ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది. "అడగడమా! ఉండమని చెప్పి ఇంట్లోకెళ్లిపోయాడు. గడ్డం గీసుకుని, చొక్కా మార్చుకుని వచ్చేసరికి ఎండ పోయింది. మళ్లీ మర్నాడు తీశా."

నవ్యకు నవ్వు ఆగలేదు. ఆ అమ్మాయీ నవ్వింది. ఇద్దరూ తర్వాతి గోడ వైపు కలిసి నడిచారు.