ల్యాప్‌టాప్‌కు కుట్టిన మఖమల్ గౌను

గులాబ్‌బీ ఇంట్లో బట్ట తొడుక్కోని వస్తువు లేదు. మిక్సీకి గౌను, ఫ్రిజ్‌కి గౌను, టీవీ రిమోటుకు కూడా గౌనే. జమ్మలమడుగు ఆడవాళ్ళకు ఏళ్ళ తరబడి జాకెట్లు కుట్టిన చెయ్యి మరి, ఊరుకోదు. మనవరాలు జువేరియా ప్రొద్దుటూరు నుంచి పాత ల్యాప్‌టాప్ తెస్తే, వారం తిరక్కుండా దానికీ ఎర్ర మఖమల్ గౌను సిద్ధమైంది. తెర, అక్షరాల మీటలు, గాలి సందులు, వైర్ల బెజ్జాలు తప్ప తక్కినదంతా కప్పేసి, అంచు చుట్టూ లేసు పెట్టి, జారకుండా బిగించి కుట్టేసింది. వదులు కుట్టు ఆమెకు గిట్టదు.

ఇప్పుడా ల్యాప్‌టాప్ వైఫై పట్టడం లేదు. సాయంత్రం జువేరియాకు మొదటి ఆన్‌లైన్ క్లాసు. కువైట్‌లో పెరుగుతున్న మన పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే పని. ఈరోజు పాఠం ఆ క్లాసులు నడిపే మేడమ్‌కు నచ్చితే ఉద్యోగం, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటారు. టీచర్ ట్రైనింగ్ చదివి ఖాళీగా కూర్చున్న పిల్ల పొద్దున్నుంచి అన్నం ముట్టలేదు. అది చూసి గులాబ్‌బీ ఊళ్ళో సిగ్నల్‌ను తిట్టిపోస్తోంది.

ల్యాప్‌టాప్ అమ్మిన నాసిర్‌కు ఫోను చేశారు.

"మా అంగట్లో బాగా పట్టింది గదమ్మా! ఈడికి పట్టుకొని రా, అంతా తుడిచేసి లైనక్స్ సాఫ్ట్‌వేర్ మళ్ళా ఎక్కిస్తా" అన్నాడతను.

ప్రొద్దుటూరు పోయి రావడానికి టైమెక్కడిది? పోనీ ఫోనుకు వైరు తగిలించి నెట్ తీసుకుందామంటే, వైరు పిన్ను ఊగులాడుతోంది. ఫోనులోనే పాఠం చెబుదామంటే, అక్షరాలు రాసి చూపడానికి ఆ చిన్న తెర చాలదు.

జువేరియా తెర మీద నల్లటి కిటికీ ఒకటి తెరిచి ఏదో టైపు చేసింది. తెల్లటి వరసలు జరజరా దిగాయి.

"ఏందే అది?" గులాబ్‌బీ కళ్ళద్దాలు సవరించుకుని దగ్గరికి జరిగింది.

"నీ లోపల ఏమేముండాయో చెప్పు అని అడిగితిని జేజీ. చెప్తాంది."

"దాని ఒంట్లో ఏముండాయో అదే చెప్తాదా?" ముసలామెకు భలే ముచ్చటేసింది. "నా మోకాల్లో ఏముందో చెప్పడానికి డాక్టరు ఎన్ని ఫోటోలు తీసినాడో!"

జువేరియా నవ్వింది. "ఇదో, వైఫై కార్డు ఉందంట. దాన్ని నడిపే డ్రైవరూ ఉందంట."

"డ్రైవరు ఉంటే బండెందుకు కదల్లేదు?"

"అదే చూస్తాండా." ఇంకో ముక్క టైపు చేసింది. ఈసారి వచ్చినవి కొద్ది వరసలే. "లోపల్నుంచి ఆపలేదంట. బయట్నుంచి ఆపినారంట."

"బయట్నుంచా? ఎవరు?" గులాబ్‌బీ వీధి తలుపు వైపు చూసింది.

"మనుషులు కాదులే. యాడో చిన్న స్విచ్చి ఉంటాది, చేత్తో జరిపేది."

ఫోనులో అదే రకం ల్యాప్‌టాప్ బొమ్మ వెతికింది. స్విచ్చి ముందంచున ఉంది. జువేరియా వేలు లేసు మీదుగా జరుగుతూ ఒకచోట ఆగింది. మఖమల్ కింద గట్టిగా ఏదో తగిలింది. బిగించిన కుట్టు దాన్ని పక్కకు నెట్టేసి, కదలనివ్వడం లేదు. పిల్ల జేజి ముఖం చూసి వేలు తీసేసింది.

"ఏంలేదులే జేజీ. రేపు చేస్తానని మేడమ్‌కు చెప్తా."

గులాబ్‌బీ పిచ్చిది కాదు. ఆ వేలు ఆగిన చోట తన వేలు పెట్టి చూసింది. పొద్దున్నుంచి నాసిర్‌నీ, ఊళ్ళో సిగ్నల్‌నీ తిట్టిపోసింది తనే. సిగ్గేసింది. సిగ్గు కంటే కోపం ఎక్కువొచ్చింది.

"నా కుట్టు పాడైతాదని నీ ఉద్యోగం పోగొట్టుకుంటావా? బుద్ధుందా నీకు?"

"ఎంత ఇష్టంగా కుట్టినావో చూసినా గదా..."

"కుట్టేదాన్ని ఇంకా బతికే ఉండా గదే!"

కత్తెర తీసి లేసునూ మఖమల్‌నూ కలిపి పరపరా కత్తిరించింది. జువేరియా స్విచ్చి జరిపింది. పక్కనే చిన్న దీపం వెలిగింది. ఎదురింటి వాళ్ళ వైఫైతో సహా అన్ని పేర్లూ తెర మీదికొచ్చాయి.

సాయంత్రం క్లాసు జరుగుతుంటే గులాబ్‌బీ వంటింటి గడప మీద కూర్చుంది. కువైట్ నుంచి ఒక పిల్ల 'ళ' పలకలేక తంటాలు పడుతోంది. నాలుక ఎక్కడ తాకాలో జువేరియా విసుక్కోకుండా చెబుతోంది. గులాబ్‌బీ కూడా నోట్లోనే నాలుక మడిచి చూసుకుంది. చివరికి ఆ పిల్ల పలికేసరికి ఆమెకే చప్పట్లు కొట్టాలనిపించింది. రేపట్నుంచి రమ్మంది మేడమ్.

జువేరియా పరుగున వచ్చేసరికి జేజి సూదిలో దారం ఎక్కిస్తోంది.

"మళ్ళా ఆ గౌను ఎందుకు జేజీ?"

"ఇంట్లో పడుండేదానికి ఎట్లున్నా సరిపోయె. రేపట్నుంచి ఉద్యోగం చేసేది, ఒంటి మీద బట్ట లేకుండా కూర్చుంటాదా? ఆ స్విచ్చి కాడ, గుండీకి తీసినట్టు ఒక కాజా తీస్తా. ఎంత పొడుగుందో ఈ దారంతో కొల్చి చెప్పు."