గళ్ళ కాగితం

మొదటి షిఫ్టు వాళ్లు లైట్లు తీసుకుని బొగ్గు బాయిలోకి దిగిపోయాక, లాంప్‌రూంలో గట్టయ్య ఎడమ కన్ను మూసి ఖాళీ స్టాండు ముందు నిలబడ్డాడు. లైట్లు పెట్టే ఆ గళ్ళన్నీ మంచి కంటికి తిన్నగానే ఉంటాయి. కుడి కంటికి మాత్రం మధ్యలో ముడుచుకుపోయి కనిపిస్తాయి. చెవి మీది పెన్సిలు తీసి, డాక్టరు ఇచ్చిన గళ్ళ కాగితం మీద ఆ వంకరలు గీశాడు. వంకర పెరుగుతోందేమో చూడ్డానికి వారానికోసారి చాలన్నారు, ఈయన రోజూ గీస్తాడు. అంత ఆరాటం మనిషికి.

ఆరేళ్ల కింద బొగ్గు పెళ్ళ తగిలి కంటిలోపలి పొర చిరిగింది. ఆపరేషన్‌తో అతికింది గానీ ఆ తర్వాత మచ్చ కట్టింది. డాక్టరు రవికాంత్ ఓపిగ్గా చెప్పాడు. చిరుగు మాన్పడానికి చేరిన కణాలు, ఒక ప్రోటీను ఇచ్చే సంకేతంతో రూపం మార్చుకుని నార అల్లుతాయట. ఆ నార బిగుసుకుని పొరను గుంజుతుందట. సంకేతాన్ని అడ్డుకునే మందుల కోసం వెతుకుతున్నారు, ఇంకా దొరకలేదు.

“మాన్పనీకి వచ్చినయి పని అయినంక ఎందుకు ఆగయి సార్? షిఫ్టు అయిందని వాటికి సైరన్ ఎవలు కొట్టాలె?”

డాక్టరు నవ్వలేదు. తామూ వెతుకుతున్నది అదేనన్నాడు. మచ్చ పడ్డ కన్ను దాని చరిత్రతో సహా పరిశోధనకు దొరకడం అరుదన్నాడు. ఆ రోజే గట్టయ్య, తన తర్వాత కళ్లు ఇస్తానని ఫారం నింపాడు. ఇంటివాళ్ల ఒప్పుదలగా దాని మీద భార్య కనకవ్వ మాత్రం ఏడాదిగా వేలిముద్ర వేయలేదు.

ఇవాళ కూడా డ్యూటీ దిగి వచ్చి, చొక్కా దండెం మీద వేసి, అన్నం తింటూ మళ్లీ ఆ వేలిముద్ర అడిగాడు.

“మంచి కన్నంటే సరే. పాడైన కన్ను ఎవలకు అక్కెరకొస్తది?” అంది ఆమె.

“ఎట్ల పాడైందో అండ్లనే ఉంటది. నేనైతే లోపలికి తొంగి సూడలేను. ఆళ్లన్న సూడనీ.”

కనకవ్వ పులుసు వడ్డించింది. గట్టయ్య కాసేపు నడుం వాల్చాడు. ఐదింటికి ఆమె చాయ్ తెచ్చి లేపితే లేవలేదు.

ఏడుస్తూనే, పక్కింటి సదయ్యతో డాక్టరుకు ఫోన్ చేయించింది. కళ్లు తీసుకోవడానికి వచ్చినవాళ్లు ముందు ఆమె అనుమతి అడిగారు. వేలిముద్ర వేసింది. పని ముగించి బయల్దేరుతుంటే ఆపి, గూట్లోంచి గళ్ళ కాగితాల కట్ట తెచ్చి చేతికిచ్చింది.

“గివి గూడ కొంచవోండ్రి. కన్ను సంగతంత ఇండ్లనే గీసిండు.”

అన్నీ ఇచ్చాననే అనుకుంది. ఆ పొద్దుటి కాగితం మాత్రం దండెం మీది చొక్కా జేబులోనే మిగిలిపోయింది. మధ్య గళ్ళు వంకరగా, కింద పెన్సిలుతో చిన్న అక్షరాలు: నిన్నటంతనే ఉంది. ఆగిందా?