అరువు ప్రార్థన

మైకు బాబాయికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని తెలిసి మార్కెట్ వీధిలో చాలామంది అయ్యో అన్నారు. ఒకరిద్దరు మాత్రం, ఇకనైనా పొద్దున పూట ప్రశాంతంగా ఉంటుందని గొంతు తగ్గించి అనుకున్నారు. భుజానికి స్పీకరు తగిలించుకుని, తన దేవుడొక్కడే నిజమని, మిగతా దారులన్నీ గోతిలోకేనని ఏళ్ల తరబడి ఆ వీధిలో చెబుతూ వచ్చిన మనిషి ఆయన. చెడ్డవాడు కాదు. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు వెళ్లేది ఆయనే. వెళ్లినవాడు ఊరుకోడు, అదే చిక్కు.

ఆసుపత్రిలో ఆయనకు మళ్లీ మాటలు నేర్పే పని స్పీచ్ థెరపిస్టు మీద పడింది. రోగులు ఆమెను మాటల డాక్టరమ్మ అంటారు. చక్రాల కుర్చీలో ఆయన గదిలోకి రాగానే ఆమెకు ఒళ్లు మండింది. వాళ్ల నాన్న మంచం పట్టినప్పుడు ఈయన సాయంత్రం కాగానే వచ్చి పక్కన కూర్చునేవాడు. "ఇప్పటికైనా మారండి, టైము లేదు" అని గంటలకొద్దీ నూరిపోసేవాడు. నాన్న మెత్తని మనిషి, పొమ్మనలేక వినేవాడు. ఆయన వెళ్లాక గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

ఇంకొకరికి అప్పగిద్దామంటే ఆ ఆసుపత్రిలో ఆ పని తెలిసినది ఆమె ఒక్కతే. చేసేది లేక మొదలుపెట్టింది. చెంచా బొమ్మ చూపించింది, తాళంచెవి బొమ్మ చూపించింది. బాబాయికి అన్నీ అర్థమవుతున్నాయి, మాటే నాలుక మీదికి రావడం లేదు. "బ... బ..." అని బల్ల మీద గుద్దేవాడు. ఇలాంటి జబ్బులో కొత్త మాట పెగలకపోయినా, ఏళ్లుగా కంఠతా వచ్చింది ఒక్కోసారి దానంతటదే వస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"ఆయన రోజూ తప్పకుండా అనే మాటలేమైనా ఉన్నాయా పిన్నీ?" అని బాబాయి భార్యను అడిగింది.

"ప్రార్థన ఒక్కటేనమ్మా. నిద్రలో లేపినా అప్పజెప్పేవారు."

డాక్టరమ్మ బొమ్మలు పక్కన పెట్టింది. తర్వాత పిన్నిని వరండాలోకి తీసుకెళ్లి, ఆ ప్రార్థన పూర్తిగా నేర్చుకుంది.

మర్నాడు ఆయన ఎదురుగా కూర్చుని, "దయగల తండ్రీ, ఈ ఉదయాన్ని ఇచ్చింది..." అని ఆగింది.

బాబాయి పెదవులు వణికాయి. "నీవే" అన్నాడు.

పిన్ని భోరుమంది. డాక్టరమ్మ ఆ క్షణాన తన కోపం సంగతే మరచిపోయింది. ఆ "నీవే" పట్టుకుని "నీ" అనిపించింది, "నీ" నుంచి "నీళ్లు" రాబట్టింది. ఆ సాయంత్రం ఆయన నోరు తెరిచి నీళ్లడిగి తాగాడు.

కొన్నాళ్లకు పిన్ని, బాబాయి ఎదుటే, ఆమె చెయ్యి పట్టుకుంది. "చూశావా తల్లీ, దేవుడు మా ప్రార్థన నీ నోట పలికించాడు. నిన్ను పిలుస్తున్నాడు."

"కోప్పడకండి పిన్నీ. ఇది మీది. బాబాయి నోరు తెరిపించడానికి అరువు తెచ్చుకున్నాను. మా నాన్న ఇచ్చింది నాకుంది." అక్కడితో ఆపుదామనుకుంది కానీ మాట ఆగలేదు. "చివరి రోజుల్లో నాన్న కిటికీ మూయించి, గొంతు తగ్గించి దేవుణ్ణి తలుచుకునేవారు. వీధిన పోతూ బాబాయి వింటే మళ్లీ వాదనకు దిగుతారని."

బాబాయి తల వంచుకున్నాడు. ఆ రోజు ఇంకేమీ పలకలేదు. రోగితో అనాల్సిన మాటేనా అది అని ఆమె రాత్రంతా నొచ్చుకుంది. కానీ మర్నాడు ఆయన అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

ఆ వారమే బాబాయి సంఘం పెద్ద, మరో నలుగురితో కలిసి పళ్లు తీసుకుని వచ్చాడు. పిన్ని సంతోషం పట్టలేక చెప్పిన కబురు అక్కడిదాకా వెళ్లింది.

"మన ప్రార్థన వేరే నమ్మకం ఉన్నావిడ నోట! ఇది మామూలు సంగతా? రెండు ముక్కలు చెప్పమ్మా, వీడియో తీస్తాం. చూసి ఎంతమంది మారతారో!" అని పెద్దాయన ఫోను ఎత్తాడు.

"అది వైద్యమండీ..."

"వైద్యం చేయించిందెవరు?"

బాబాయి కుర్చీ చెయ్యి మీద దబదబా కొట్టాడు. "కా... కాదు!" అందరూ ఇటు తిరిగారు. ఆయన మొహం ఎర్రబడింది. "ఆమెది... ఆమెకుంది." ఊపిరి తీసుకున్నాడు. "ఫోను. లోపల పెట్టు."

"నాతో కూడా ఇంత స్పష్టంగా మాట్లాడలేదు ఇంతవరకూ!" అంది పిన్ని, ఏడవాలో నవ్వాలో తెలియక.

పెద్దాయన చిన్నబుచ్చుకుని ఫోను జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లినవాడు వెనక్కి వచ్చి, "ఏమీ అనుకోకమ్మా" అని వెళ్లాడు.

వచ్చినవాళ్లంతా వెళ్లాక బాబాయి డాక్టరమ్మ వైపు చూశాడు. "మీ... నాన్న. ఏం... అనేవారు?"

ఒక్క ఎదురుమాట వచ్చినా లేచి వెళ్లిపోదామనుకుని ఆమె మొదలుపెట్టింది. "నడిచినంత దూరం నీ నీడ, నడవలేని దూరం నీ చెయ్యి. ఇంతేనండీ."

ఇన్నాళ్లూ ఎదుటివాళ్లు ఎప్పుడు ఆపుతారా, తానెప్పుడు అందుకుందామా అని కాచుకునేవాడు బాబాయి. ఇప్పుడు కళ్లు మూసుకుని విన్నాడు. "మళ్లీ" అన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది.

"బాగుంది" అన్నాడు. ఒక్క నిమిషం ఓపిక పట్టి, "మాది... ఇంకా..." అనబోయాడు.

"ఇంక చాల్లెండి!" అంది పిన్ని. ముగ్గురూ పడీపడీ నవ్వారు.

బాబాయికి మాటలు సగమే తిరిగొచ్చాయి. నమ్మకం మాత్రం ఏమీ తగ్గలేదు. ఇప్పుడు చేతికర్రతో మార్కెట్ వీధికి వచ్చి బెంచీ మీద కూర్చుంటాడు. "చెప్పనా?" అని ముందు అడుగుతాడు. వద్దంటే మోకాళ్ల నొప్పి ఎలా ఉందని పలకరిస్తాడు.

ఓ ఆదివారం డాక్టరమ్మ కనబడితే, "మీ ఇంటికి... వస్తా" అన్నాడు.

"ప్రార్థనకా బాబాయ్?"

"టీకి."

వస్తున్నాడని వినగానే డాక్టరమ్మ వాళ్లమ్మ గుండెల్లో రాయి పడింది. ఆయన వచ్చాడు, ఒకప్పుడు నాన్న మంచం ఉన్న చోటికేసి చూసి, "ఆయన గురించి... చెప్పు వదినా" అన్నాడు. ఆమె మొదట ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది. మెల్లగా పెళ్లినాటి కబుర్లలోకి దిగి, దీపాలు పెట్టే వేళ దాకా చెబుతూనే ఉంది.

ఆయన్ను గేటు దాకా సాగనంపి వచ్చి కూతురితో అంది: "ఎంత బాగా మాట్లాడాడే ఇవాళ!"