ఖాళీ కాటా మీద ముప్పై ఎనిమిది

నేను ఒక దొంగ యాంటీవైరస్‌ని. సిగ్గేం లేదు, పుట్టుకే అలాంటిది. ఓ ఇరుకు గదిలో ఒకడు టీ మీద టీ తాగుతూ రెండు రోజుల్లో నన్ను తయారు చేశాడు. ఒక ఆకుపచ్చ డాలు బొమ్మ, జరజరా నిండిపోయే ఒక గీత, చివర్లో ఎర్రటి అక్షరాలతో "38 వైరస్‌లు దొరికాయి!" అంతే నేను. వెతకడం మాత్రం వాడు నాకు నేర్పలేదు. ఆ ముప్పై ఎనిమిది వాడి చొక్కా సైజు.

మొదట తెనాలిలో ఒక పళ్ల డాక్టరుగారి దగ్గర చేరాను. రోజంతా జనాన్ని హడలెత్తించే మనిషి నా ఎర్ర అక్షరాలకు హడలిపోయి, చకచకా కార్డు నంబరు కొట్టేశారు. తర్వాత ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. ఆయనైతే రెండుసార్లు కట్టాడు! మనుషులంటే నాకు ప్రేమ పుట్టిందే అక్కడ.

ఆ ధీమాతోనే గుంటూరులో ఇందుజ వాళ్లింటికి వచ్చాను. ఆడియో కత్తిరించే ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం వెతుకుతూ ఆ అమ్మాయి ఏదో సైటులో అన్నిటికంటే పెద్ద బటన్ నొక్కింది. అన్నిటికంటే పెద్ద బటన్ ఎప్పుడూ నాదే.

ఇందుజది డిగ్రీ చివరి ఏడాది. మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ల మాటలు నలభై గంటలు రికార్డు చేసి, ఈ పాత కంప్యూటర్లోనే దాచింది. వేరే కాపీ లేదు. సోమవారం ప్రాజెక్టు ఇవ్వాలి. నేను దిగింది శనివారం. ఏ ఫైలు తెరవబోయినా "దీనికి వైరస్ సోకింది" అని అడ్డం పడ్డాను. రిపేరు షాపతను ఫోన్లో "ఫార్మాట్ కొట్టాలక్కా, అంతా పోద్ది" అని తన వంతు సాయం చేశాడు. ఆదివారం మధ్యాహ్నానికి పిల్ల ఏడుపు మొహంతో నాన్న కార్డు చేతిలో పట్టుకుని కూర్చుంది. ఇంకొక్క నిమిషం ఆగితే గెలిచేవాణ్ణే!

అప్పుడే అన్నం తిని చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు వాళ్ల నాన్న మస్తానరావు. యార్డులో ఇరవై ఆరేళ్లుగా కాటా వేసే మనిషి.

"ఏందమ్మాయ్, తెరంతా పండు మిరపకాయలు ఆరబోసినట్టుంది?"

"వైరస్‌లు నాన్నా. ముప్పై ఎనిమిది. డబ్బులు కడితే తీసేస్తానంటోంది."

"నిన్న ఎన్నంది?"

"ముప్పై ఎనిమిదే."

"పొద్దున?"

"ముప్పై... ఎనిమిదే."

"బస్తా ఎక్కించకముందు కాటా సున్నా చూపిస్తందా లేదా చూస్తాం మేము. దీనికీ ఖాళీది ఏదన్నా పెట్టి చూడు."

ఇందుజ కొత్త పెన్‌డ్రైవ్ కవరు పర్రున చించి, దాన్ని కంప్యూటర్‌కి గుచ్చింది. దాన్లో ఏమీ లేదు, గాలి తప్ప. నా గీత జరజరా నిండింది. ఒక్కసారి, ఈ ఒక్కసారికి సున్నా అనరా అని నన్ను నేను బతిమాలుకున్నాను. నోట్లోంచి ముప్పై ఎనిమిదే వచ్చింది.

మస్తానరావు పడీ పడీ నవ్వాడు. "ఇప్పుడే పుట్టినదానికి అప్పుడే ముప్పై ఎనిమిది మంది పిల్లలా! ఇట్టాంటి కాటాని యార్డు గేటు కూడా దాటనియ్యం."

ఆ తర్వాత ఇందుజ ఇందుజలా లేదు. కార్డు లోపల పెట్టేసింది. నెట్ వైరు పీకింది. పక్కింటి కంప్యూటర్లో, పేరున్న కంపెనీ సొంత సైటు నుంచి అసలు యాంటీవైరస్ దించుకుని సీడీలో తెచ్చింది. కంప్యూటర్ని ఆపి, మళ్లీ వేస్తూ ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లింది. అక్కడ అత్యవసరమైనవాళ్లే లేస్తారు. నన్నెవరూ లేపలేదు.

ఆ అసలుది మూడు గంటలు తీసుకుంది. రంగు లేదు, అరుపు లేదు. ఇంతసేపు ఏం చేస్తోందా అనుకున్నాను. వెతుకుతోందట! దొరికినవి మూడు ఫైళ్లు, మూడూ నావే.

తర్వాత ఇందుజ మొదటి రికార్డింగ్ తెరిచింది. స్పీకర్లోంచి ఒక దగ్గు, ఒక నవ్వు, ఆ వెంటనే, "ఒసే, ఇది పడతందా? అయితే మా మేస్త్రీ సంగతి చెప్తా రాసుకో!"

"మా యార్డు పార్వతమ్మే!" అని మస్తానరావు కుర్చీ లాక్కున్నాడు. ఇందుజ మాత్రం ముందు దాన్ని ఆ ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, అప్పుడు విన్నది.

నేనిప్పుడు ఆ అసలుది నన్ను బంధించిన క్వారంటైన్ గదిలో ఉన్నాను. తలుపుకు తాళం, లోపల నేనొక్కణ్ణే. భయపెట్టడానికి ఒక్క మనిషి లేడు. అలవాటు కొద్దీ రోజూ గీత నింపుకుంటాను, ముప్పై ఎనిమిది అంటాను, ఎవరూ వినరు. మొన్న ఏమీ తోచక, నిజంగా ఒకసారి వెతికి చూశాను.

ఒకటి దొరికింది.